అతుకు లేని తోరణం

నేను ఒక వెండి రేకును. నలభై అంగుళాల వెడల్పు, అంతకు జానెడు ఎక్కువ ఎత్తు. నాగులగుట్ట మీద ఎల్లమ్మ తల్లి వెనక మకరతోరణంగా నిలబడి ఉన్నాను. గుడికి వచ్చినవాళ్లు ముందు అమ్మవారికి దండం పెట్టి, తర్వాత నా వైపు చూసి అందరూ ఒకే మాట అంటారు. ఇంత వెడల్పు రేకు ఒక్క ముక్కగా ఎలా వచ్చింది, ఎక్కడా అతుకే లేదే, అని. కొందరైతే అతుకు కనిపెట్టి తీరాలని తల వంచి మరీ వెతుకుతారు. వెతకనివ్వండి, దొరకదు. అది లేకుండా చేయడానికి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ప్రాణం తీసింది నేనే.

ఇలా అంటే మీకు భయం వేయొచ్చు. వేయాలి కూడా. మెరిసేదాన్ని చూసి భయపడటం మనుషులకు చేతకాదు.

పుట్టుకతో నేను ఒకదాన్ని కాదు, మూడు వందల చిల్లర వస్తువులను. తాంబాళాలు, కుంకుమ భరిణెలు, మొలతాడు గంటలు, తెగిన గొలుసులు, ఒంటి పట్టీలు. జత పట్టీల్లో ఒకటి పోగొట్టుకున్న ఆడవాళ్లందరికీ ఆ ఏడాదే భక్తి పుట్టుకొచ్చింది. ఇచ్చింది ఒంటి పట్టీ అయినా గోత్రనామాలు మాత్రం ఇంటిల్లిపాదివీ చదివించుకున్నారు. అవన్నీ గుడి కమిటీ అధ్యక్షుడు రాజలింగం సారు దగ్గరికి చేరాయి. ఆయన ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. చెడ్డవాడు కాదు. అమ్మవారి సొమ్ములో ఆవగింజంత తేడా వస్తే అన్నం సహించని మనిషి. ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు, అదే నా బాధ.

పక్క ఊరి గుడిలో వెండి తోరణం ఉంది. నాలుగు ముక్కలు అతికి చేశారు దాన్ని. రెండేళ్లకే అతుకుల వెంట నల్లటి చారలు తేలాయి. మన తోరణం అలా ఉండొద్దు, ఒక్కటే రేకు కావాలి, అదీ బజారులో కొన్నది కాదు, మనవాళ్లు ఇచ్చిన వెండే కరిగించి తీసిన రేకు కావాలి అని కమిటీ తీర్మానించింది. అంత పని చేయగలవాడు ఆ చుట్టుపక్కల వీరభద్రాచారి ఒక్కడే.

ఆచారికి యాభై ఎనిమిదేళ్లు. మాట తక్కువ, రోషం ఎక్కువ. ఎప్పుడో ఆయన తండ్రి ఉత్సవ విగ్రహానికి కిరీటం చేసినప్పుడు, వెండి కాజేశాడని ఎవరో అన్నారట. ఎవరన్నారో కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆచారికి మాత్రం నిన్ననే అన్నట్టుండేది. ఆయన భార్య కామాక్షమ్మ. ఊళ్లో అందరూ ఆమెను ఆచారి భార్య అనుకునేవారు గాని, నా వంటి వెండికి తెలుసు, ఆమె సగం ఆచారి. ఆయన సుత్తె పట్టిన చోటల్లా ఉలి పట్టింది ఆమే.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పాత నగ ఏది కరిగించాలన్నా ముందు కామాక్షమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో అతుకులన్నీ కత్తిరించి పక్కన పడేస్తుంది. అతుకు దగ్గర ఉండేది అసలు వెండి కాదు, టంకం. ఆ టంకం ముక్కలు ఒక బిస్కెట్ డబ్బాలో పడతాయి. అలా పడ్డ ముక్కలు ఆచారివే అని తాతల నాటి ఆనవాయితీ, అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. అతుకు నిప్పులో పడితే పసుపు పొగ వస్తుందనీ, అది మంచిది కాదనీ ఆచారి తండ్రి చెబుతుండేవాడు. ఎందుకు మంచిది కాదో ఆయనకూ తెలియదు. నాకు తెలుసు. ఈ కాలం పట్టీలను తొందరగా కరిగే టంకంతో అతుకుతారు. అందులో కాడ్మియం అనే లోహం ఉంటుంది. వెండి కరగకముందే అది మరిగి, పొగై లేస్తుంది. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక ఇక బయటికి రాదు.

అంతకు ముందు ఏడాది ఆచారి ఏదో తొందరలో గుప్పెడు పట్టీలు అతుకులు తీయకుండానే వెండి కరిగించే మూసలో వేశాడు. ఆ సాయంత్రం దుప్పటి కప్పుకుని గజగజ వణికాడు. తెల్లారేసరికి తగ్గిపోయింది. అది కొలిమి జ్వరమని ఆయన నవ్వేశాడు. కామాక్షమ్మ నవ్వలేదు.

మొదటిసారి నన్ను పద్ధతి ప్రకారమే కరిగించారు. అతుకులన్నీ తీసి, పనిసాల తలుపులు బార్లా తెరిచి, గాలికి వీపు పెట్టి ఆచారి మూస దింపాడు. పలకగా పోశాడు. పట్నంలో వెడల్పు రోలర్ల మిల్లుకు తీసుకెళ్లాడు. మన వైపు మిల్లుల్లో రోలర్లు జానెడు, రెండు జానెలే ఉంటాయి. నన్ను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పుతూ, మధ్య మధ్య కాల్చి మెత్తబరుస్తూ సాగదీశారు. తిరిగి వచ్చాక గుడికి మోసుకెళ్లి అమ్మవారి వెనక నిలబెట్టి చూశారు. రెండు రాతి స్తంభాల మధ్య నేను అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు తక్కువ పడ్డాను.

ఇంకొంచెం సాగదీద్దామంటే ఉలి దెబ్బకు చిరిగేంత పలచనవుతాను. అంచుకు సన్నటి వెండి బద్ద అతికితే సరిపోయేది. ఆచారి ఆ మాట కూడా అన్నాడు. అప్పుడు రాజలింగం సారు కళ్లజోడు సవరించుకుని తన నోటు పుస్తకం తీశాడు.

"ఆచారీ, నేను నిన్ను ఒక్క మాట అంటలేను. కాని మేమిచ్చింది అయిదున్నర కిలోలు. రేకు అయిదు కిలోలే తూగుతున్నది. మిగిలింది ఎటు పోయినట్టు?"

"అతుకులు తీసిన సారూ. మడ్డి పోతది, మసి పోతది."

"తీసిన అతుకులేవి మరి?"

అవి మావే, మా తాతల నుంచి మావే, అని నలుగురి ముందు ఎలా చెప్పాలో తెలియలేదు ఆచారికి. చెబితే దొంగతనం ఒప్పుకున్నట్టే ఉంటుంది. చెప్పకపోయినా అంతే. వెనక ఎవరో దగ్గారు. దగ్గు దగ్గే కావచ్చు. ఆచారికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద ఎత్తలేదు. కామాక్షమ్మ విషయం విని, డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గింతేనా? పోయి ఆ సారు చేతుల పెట్టిరా. అతుకులు గివే, కాటల పెట్టి జోకుకో అని చెప్పు."

"ఇన్నొద్దులు ఇయ్యక, అడిగినంక ఇస్తే ఏమంటరే? దొరికినంక ఇచ్చిండంటరు."

"అననియ్యి. అంటే పానం పోతదా?"

"పోతది," అన్నాడు ఆచారి. "మా నాయినకు పోయింది."

ఆమె డబ్బాను బట్టల పెట్టెలో అడుగున దాచింది. ఆ రాత్రి పనిసాల గోడకు ఆనుకుని నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆయన మనసులో ఏముందో మాత్రం అప్పుడే పసిగట్టాను. ఇంతకాలం నిప్పు దగ్గర బతికినదాన్ని, రాజుకుంటున్నది ఏదో నాకు తెలుస్తుంది.

కమిటీ మళ్లీ ఊరంతా తిరిగింది. ఈసారి వచ్చినవన్నీ బజారు పట్టీలే, మిషను మీద అల్లి, మువ్వకో అతుకు వేసినవి. నన్ను ముక్కలుగా కత్తిరించి వాటితో కలిపి మళ్లీ కరిగించాలని నిర్ణయించారు. అంటే రేకుగా నా మొదటి బతుకు రెండు వారాలే అన్నమాట.

కరిగించే రోజు పొద్దున ఆచారి కామాక్షమ్మను పిలిచాడు. వెలిగారం అయిపోయింది, అంగడికి పోయి పావు కిలో పట్టుకురమ్మన్నాడు. వెండి కరిగేటప్పుడు మురికి తేల్చడానికి వెలిగారం చల్లుతారు. అది లేకుండా పని జరగదు. ఆమె సంచీ పట్టుకుని బయలుదేరింది. వెలిగారం సీసా బొగ్గుల బస్తా వెనక నిండుగా ఉంది. నేను దాని పక్కనే ఉన్నాను. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆమె వీధి మలుపు తిరగగానే ఆచారి బట్టల పెట్టె తెరిచాడు. డబ్బా తీశాడు. రాజలింగం సారును పిలిపించి, ఆయన చూస్తుండగా డబ్బా మూసలోకి గుమ్మరించాడు. ఆ పైన కొత్త పట్టీలు, ఒక్క అతుకు కూడా తీయకుండా. ఆ పైన నా ముక్కలు.

"చూసిండ్రు గద సారూ. ఇగ కిటికీలు మూస్తున్న. మీరు బయట తాళమేసి, చెవి మీ జేబుల పెట్టుకోండ్రి. రవ్వంత బయటికి పొయ్యేది లేదు. పోసినంక పిలుస్తా, అప్పుడు తియ్యిండ్రి."

"అట్లెందుకు ఆచారీ? నేను నీ మీద..."

"ఎయ్యండ్రి సారూ. మీకు దండం పెడత."

మాస్టారు మొహమాటపడ్డాడు. కాని మూసేసిన గది, బయట తాళం, జేబులో చెవి, ఇవన్నీ లెక్కల మనిషికి నచ్చే విషయాలు. తాళం వేసి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత లోపల జరిగింది చూసినవాళ్లు ఇద్దరే, ఆచారీ నేనూ. బ్లోయర్ గాలికి బొగ్గులు ఎర్రబడ్డాయి. ముందు పట్టీలు వంగాయి. అతుకులు చెమ్మగిల్లాయి. ఆ తర్వాత నాలోంచి అది లేవడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత వెల్లుల్లి పొట్టు రంగులో, ఆ తర్వాత పచ్చటి పసుపు రంగులో. పోవడానికి దారి లేక కప్పు దాకా లేచి, అక్కడ మసలి, మళ్లీ కిందికి దిగింది. ఆయన తల చుట్టూ తిరిగింది. ఆచారి భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పట్టకారుతో మూస కదుపుతూనే ఉన్నాడు. నాకు ఆగాలని ఉంది. మరుగుతున్నదాన్ని ఎలా ఆగను? ఆయన దగ్గిన ప్రతిసారీ తర్వాతి ఊపిరి ఇంకా లోతుగా తీసుకున్నాడు, అంతకంత నన్ను లోపలికి పీల్చాడు.

కామాక్షమ్మ తిరిగొచ్చేసరికి పెంకుల సందుల్లోంచి పసుపు పొగ వస్తోంది.

"గీ తాళం ఎవలేసిండ్రు?" ఆమె గొంతు నాకు లోపలికి వినిపించింది.

"నేనే ఏసిన, కామాక్షమ్మా. ఆచారే ఏయమన్నడు."

"తియ్యి సారూ!"

"పోసినంక తియ్యమన్నడమ్మా. నేను మాటిచ్చిన."

"సారూ, గా పొగ చూస్తలేవా? మనిషి సచ్చిపోతడు, తియ్యి!"

మాస్టారు జేబులో చెయ్యి పెట్టాడు. చెవి వెంటనే దొరకలేదు. కళ్లజోడు డబ్బా వచ్చింది, పెన్ను వచ్చింది, నోటు పుస్తకం వచ్చింది. కామాక్షమ్మ ఆగలేదు. అరుగు పక్కనున్న కల్వం బండ ఎత్తి తాళం మీద వేసింది. మూడో దెబ్బకు ఊడింది.

తలుపు తెరుచుకునే సమయానికి ఆచారి నన్ను పోస్తున్నాడు. ధార మధ్యలో ఆపితే పలకలో మడత పడుతుంది, మడత పడితే రోలర్ల కింద చీలుతుంది. ఆయన తల తిప్పి భార్యను చూశాడు, చెయ్యి మాత్రం కదలనివ్వలేదు. చివరి బొట్టు దాకా ఒకే ధారగా పోసి, మూస కింద పెట్టి, అప్పుడు బయటికి నడిచి వచ్చాడు. అంత బాగా పోసిన పలక ఆయన చేతుల్లో అంతకు ముందెప్పుడూ రాలేదు.

సాయంత్రం బాగానే ఉన్నాడు. పాలు తాగి, "చక్కెర ఎక్కువైందే," అన్నాడు.

"నేను చక్కెరే ఎయ్యలే," అంది కామాక్షమ్మ. అలా అంటూనే గిన్నె చేతిలోంచి జారవిడిచింది. ఆ తీపి పాలది కాదు, ఆయన పీల్చిన పొగది.

మర్నాటికి చలి జ్వరం. మూడో రోజుకి పడుకోలేకపోయాడు, పడుకుంటే ఊపిరి అందడం లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఏం పీల్చాడని డాక్టర్లు అడిగారు. ఆమె చెప్పింది. వాళ్లు చేయగలిగింది చేశారు. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటూ, మంచం మీద కూర్చునే అయిదో రోజు పోయాడు. వాళ్ల కులంలో పోయినవాళ్లను కాల్చరు, కూర్చోబెట్టి బొంద పెడతారు. ఆయన్ను అలా కూర్చోబెట్టడానికి ఎవరూ కష్టపడాల్సిన పని లేకపోయింది.

ఇక ఈ వెండి ఎవరైనా పట్టుకుపోండని ఆమె అంటుందని కమిటీ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. పదకొండో దినం అయిన మర్నాడు ఆమె నన్ను ఆయన పాత పంచెలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ఆరు కిలోల పలకను పట్నం దాకా ఒళ్లోంచి దించలేదు.

మిల్లు మేస్త్రీ అన్వర్ భాయ్ నన్ను అటూ ఇటూ తిప్పి, వేలితో మీటి చూశాడు. "బుడగ లేదు, మడత లేదు. ఆచారి సాబ్ ఈసారి కమాల్ చేసిండు. రాలేదా?"

"పోయిండు అన్నా," అంది ఆమె.

అన్వర్ భాయ్ ఆ రోజు మిల్లులో వేరే పనులన్నీ ఆపించి, తానే దగ్గరుండి నన్ను రోలర్లలోకి పంపాడు. నేను సాగాను. ఆపేదేదీ నాలో మిగల్లేదు. మొదటిసారి అంచుల్లో కనబడ్డ నెర్రెలు ఈసారి ఒక్కటి కూడా లేవు. నాలో ఉన్న మలినమంతా ఆయన తీసుకుని వెళ్లిపోయాడు.

ఇల్లు చేరాక కామాక్షమ్మ చేసిన మొదటి పని, పనిసాల తలుపు రెక్కలు రెండూ ఊడబీకి పెరట్లో పడేయడం. తర్వాత లక్క, గుగ్గిలం, ఇటుక పొడి కలిపి కాచి, నేల మీద మెత్తటి పాన్పు పరిచి నన్ను దాని మీద బోర్లా వేసింది. మా పని అలాగే ఉంటుంది. వెనక నుంచి కొట్టి ఉబ్బిస్తారు, ముందుకు తిప్పి గీతలు దిద్దుతారు. ముప్పై ఏళ్లుగా ఆమె తీగలూ చుక్కలూ మాత్రమే కొట్టింది. ముఖాలు ఆయనవి. ఇప్పుడు మొసళ్లు రెండూ ఆమే కొట్టింది, చిలకలూ ఆమే. నాలుగు నెలలు పట్టింది. ఒక్కోసారి సుత్తె ఎత్తి, దించడం మరిచి అలాగే కూర్చునేది. ఆమె నన్ను అసహ్యించుకుంటోందని నాకు తెలుసు. అయినా ఒక్క దెబ్బ కూడా పొరపాటున పడలేదు. మనుషుల్లో నాకు అర్థం కానిదేదైనా ఉంటే అది ఇదే.

తోరణం నడినెత్తిన సింహముఖం ఉంటుంది. దాన్ని ఆమె అన్నిటికంటే చివర చేసింది. పన్నెండు రోజులు అదే పని. ఆ నోటి దగ్గర మాత్రం ఉలి మార్చి మార్చి కొట్టింది.

గుడికి అప్పగించే రోజు వచ్చింది. రాజలింగం సారు అప్పటికి సగమైపోయాడు. అయినా పద్ధతి పద్ధతే. నన్నూ, కత్తిరింపు ముక్కలున్న సంచీనీ కలిపి కాటాలో పెట్టించాడు. పుస్తకంలో అంకె చూశాడు. కాటా వైపు చూశాడు. మళ్లీ పుస్తకం చూశాడు. ఏడు తులాలు తక్కువ.

మాస్టారికి అడగాలని లేదు, అది నాకు తెలుస్తూనే ఉంది. కాని ముప్పై ఏళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"కామాక్షమ్మా, ఇది... ఏడు తులాలు..."

"ఎటు పోయిందంటవా సారూ?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఎటూ పోలే. నువ్వు తాళమేసిన గదిల్నే ఉండె. మా ఆయన రొమ్ముల వోసుకుండు. బొందకాడికి పోయి జోకుకో."

మాస్టారు నోటు పుస్తకం మూశాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు రెండు చేతులతో పట్టుకుని, కాటా పళ్లెం మీదే వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ కమిటీకి రాలేదు. ఆయన చెడ్డవాడు కాదని మరోసారి చెబుతున్నాను.

అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. రెండు స్తంభాల మధ్య కొలిచినట్టు సరిపోయాను. అమ్మవారి తల పైన సింహముఖం నోరు బారెడు తెరిచి, కళ్లు పైకి తేలేసి ఉంటుంది. పసిపిల్లలు దాన్ని చూసి తల్లుల కొంగుల్లో మొహం దాచుకుంటారు. పెద్దలు చెంపలు వేసుకుని, ఎంత ఉగ్రంగా ఉందో చూడు, మన ఎల్లమ్మ మహిమ అంటారు. అది ఉగ్రం కాదు. గాలి కోసం తెరుచుకున్న ఆచారి నోటిని మూడు రోజులు దగ్గర కూర్చుని చూసిన మనిషి కొట్టిన నోరది.

కామాక్షమ్మ శుక్రవారం శుక్రవారం వస్తుంది. అమ్మవారిని చూడదు, దండం పెట్టదు. నా వైపు తలెత్తి కాసేపు నిలబడుతుంది. కర్పూరం వెలిగిస్తూ పూజారి గాలికి ఆరిపోతుందని గర్భగుడి చిన్న కిటికీ మూయబోతాడు.

"అయ్యా, గా కిటికీ ముయ్యకు," అంటుంది.

దీపం ఆరుతుందమ్మా అంటాడు ఆయన. ఆరనియ్యి, మళ్ల ముట్టియ్యి అంటుంది. పెద్దావిడ ముచ్చట పడుతోందిలే అని ఆయన కిటికీ తెరిచే ఉంచుతాడు. ఆమె ఆ గాలి నా మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మెట్లు దిగుతుంది.